అంతర్యుద్ధంలో శత్రువు విమానం చేతికి చిక్కితే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు స్కేల్ మోడళ్ళు కట్టేవాళ్ళూ విమానాల చరిత్ర మీద ఇష్టమున్న విద్యార్థులూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. ఉదాహరణలు ఎక్కువగా రష్యా, స్పెయిన్, చైనా అంతర్యుద్ధాలవి. అక్కడి వివరాలు బాగా నమోదై ఉన్నాయి కాబట్టి వాటినే పట్టుకున్నాం. విమానాన్ని ఎలా పట్టుకున్నారన్న కథలు చాలాచోట్ల దొరుకుతాయి. పట్టుకున్న మర్నాటి నుంచి దాన్ని ఎలా ఎగరేశారన్నది తక్కువచోట్ల ఉంటుంది. ఈ పేజీ ముఖ్యంగా దాని గురించే.

పట్టుబడిన విమానం అని దేన్ని అనాలి?

ఒకే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ముందు వాటిని విడదీయాలి.

మొదటిది, శత్రువు దగ్గర నుంచి నేరుగా చిక్కినది. విమానాశ్రయం పడిపోయినప్పుడు షెడ్డులో దొరికింది కావచ్చు, పైలట్ దారి తప్పి పొరపాటున దిగింది కావచ్చు. 1936 ఆగస్టులో స్పెయిన్ తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకో పక్షానికి చేరాల్సిన ఒక జర్మన్ యూ-52 విమానం దారి తప్పి స్పెయిన్‌లో రిపబ్లిక్ (అప్పటి ప్రభుత్వ పక్షం) చేతిలో ఉన్న అజుయాగా దగ్గర దిగింది. జర్మనీ ఎంత గట్టిగా అడిగినా రిపబ్లిక్ దాన్ని వదల్లేదు.

రెండోది, పైలటే పక్షం మారి తెచ్చినది. 1946 జూన్ 26న ల్యూ షాన్‌బెన్ అనే చైనా జాతీయవాద వైమానిక దళ అధికారి బీ-24 బాంబర్‌ను యెనాన్‌లో కమ్యూనిస్టుల దగ్గర దించాడు. 1992లో యుగోస్లావ్ దళం నుంచి మిగ్-21లతో వచ్చిన ముగ్గురు పైలట్లే క్రొయేషియా ఫైటర్ దళానికి పునాది. ఇలా వచ్చిన విమానంతోపాటు దాన్ని నడపడం తెలిసిన మనిషి కూడా వస్తాడు. అందుకే దీని విలువ చాలా ఎక్కువ. అదే పైలట్ మూడో దేశంలో దిగితే విమానం అక్కడే ఆగిపోతుంది. 2011 ఫిబ్రవరి 21న మాల్టాలో దిగిన రెండు లిబియా మిరాజ్ ఎఫ్-1లు ఆ యుద్ధంలో మళ్ళీ ఎగరలేదు.

మూడోది, దేశం విడిపోయినప్పుడు ఎవరి వైపు ఉన్న విమానం వాళ్ళకు మిగిలిపోవడం. 1992 తర్వాత అఫ్గానిస్తాన్‌లో మిగ్-21లు, సుఖోయ్-22లు, ఎమ్ఐ-8 హెలికాప్టర్లు అలాగే తలా కొన్ని పంచుకున్నట్టు అయ్యాయి. దీన్ని పట్టుబడడం అనకూడదు, పంపకం అనాలి.

అంతర్యుద్ధాల్లోనే ఇది ఇంత ఎక్కువగా ఎందుకు జరుగుతుంది?

రెండు పక్షాలూ నిన్నటిదాకా ఒకే దళం. పైలట్లు ఒకే బడిలో నేర్చుకున్నారు, మెకానిక్కులు ఒకే మాన్యువల్ చదివారు. 1936 జూలైలో స్పెయిన్ చీలినప్పుడు బ్రెగే-19 బాంబర్లు, న్యూపోర్-52 ఫైటర్లు రెండు వైపులా ఉన్నాయి. విమానాలు ఎక్కువ రిపబ్లిక్ దగ్గర మిగిలాయి. ఏ ఊరి సైనిక దళం ఎటు తిరిగిందో తెలియని ఆ మొదటి వారాల్లో, నిన్న సొంత స్థావరమైన చోట దిగితే ఈరోజు అది శత్రువుది కావచ్చు. సెవిల్ దగ్గరి తబ్లాదాలో ఆగిన ఒక డీసీ-2 ప్రయాణికుల విమానం అలాగే తిరుగుబాటుదారులకు చిక్కి, యుద్ధమంతా వాళ్ళకు రవాణా విమానంగా పనిచేసింది.

దొరికిన విమానాన్ని ఎక్కి స్టార్ట్ చేస్తే సరిపోదా?

సరిపోదు. తొందరపడి స్టార్ట్ చేస్తే బాగున్న ఇంజనే పోతుంది. పిస్టన్ ఇంజన్ విమానమైతే పని కింది వరుసలో సాగాలి.

ముందు ఉచ్చులు వెతకాలి. వెనక్కి పోయేవాళ్ళు సీటు కింద, చక్రాల గూళ్ళలో, ఇంజన్ మూత వెనక గ్రెనేడ్లు కట్టి పోవడం మామూలే. జెట్ అయితే ఎజెక్షన్ సీటు సేఫ్టీ పిన్నులు చూడకుండా కాక్‌పిట్‌లో కాలు పెట్టకూడదు. పిన్ను లేని సీటు మనిషిని పైకప్పుకు కొట్టి చంపుతుంది.

తర్వాత ట్యాంకుల అడుగున నీళ్ళు వదలాలి. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. గాజు సీసాలో పట్టి చూస్తే గీత కనబడుతుంది. గీత కనబడనంతవరకూ వదులుతూనే ఉండాలి. పెట్రోల్లో పంచదార వేస్తే ఇంజన్ పాకం పట్టినట్టు పట్టేస్తుందని చాలామంది అడుగుతారు. పంచదార పెట్రోల్లో కరగదు. ఫిల్టర్లో పేరుకుని దారి మూస్తుంది. ఇసుక కూడా అదే పని చేస్తుంది.

ఆయిల్ ఫిల్టర్ విప్పి చూడాలి. మెరిసే లోహపు రజను కనబడితే బేరింగ్ పోతోందని అర్థం. ఆ ఇంజన్‌ను విమానంలోంచి దించాల్సిందే.

ఇక రేడియల్ ఇంజన్, అంటే సిలిండర్లు చుట్టూ నక్షత్రంలా ఉండే రకం. ఇది నాలుగు రోజులు కదలకుండా ఉంటే ఆయిల్ జారి కింది సిలిండర్లలో చేరుతుంది. నూనెను నొక్కలేం. ఆ స్థితిలో స్టార్టర్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా సిలిండర్ తలే ఊడుతుంది. అందుకే స్విచ్ ఆపి ఉంచి, ప్రొపెల్లర్‌ను చేత్తో 9 నుంచి 12 రెక్కలు దాటేదాకా తిప్పాలి. మధ్యలో గట్టిగా పట్టేస్తే బలం పెట్టకూడదు, వెనక్కీ తిప్పకూడదు. కింది సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఆయిల్ కారిపోతుంది. దొరికిన విమానాల్లో ఇంజన్లు ఇలా కూడా పాడవుతాయి. ఓడినవాళ్ళు చేసిన నష్టం కన్నా గెలిచినవాళ్ళ తొందర ఒక్కోసారి ఎక్కువ చెడుపు చేస్తుంది.

కర్ర విమానమైతే ఇంకో చిక్కు ఉంది. సోవియట్ ఫైటర్ పోలికార్పోవ్ ఐ-16 ఒళ్ళు భూర్జ కర్ర పలకలను పొరలుగా అంటించి చేసినది. వానలో నెల రోజులు నిలబడితే జిగురు వదులుతుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది. వేలి కణుపుతో తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట టక్‌మని, పొర లేచిన చోట బోలుగా వినిపిస్తుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు చేసే పనే ఇది.

చివరగా కంట్రోల్ తీగలు. కాక్‌పిట్‌లోని కంట్రోల్ కర్ర ఎడమకు తోస్తే ఎడమ ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి. తీగలు తెంపి పోయిన విమానానికి కొత్తవి వేసేటప్పుడు అటూ ఇటూ మారిస్తే అది నేల వదలగానే తిరగబడుతుంది. తర్వాత దిక్సూచి సరిచూడడం, నేల మీద పరుగు, రన్‌వే దాటకుండా చిన్న గెంతు, ఆ పైన స్థావరం చుట్టూ ఒక్క చుట్టు. తుపాకులు, బాంబులు ఇవన్నీ అయ్యాకే.

ఇంధనం లేకపోతే ఏం చేసేవాళ్ళు?

అన్నిటికంటే ఇష్టంగా మేం జవాబిచ్చే ప్రశ్న ఇది. విమానం పట్టుబడినంత తేలిగ్గా దాని ఇంధనం పట్టుబడదు.

రష్యా అంతర్యుద్ధంలో బాకు, గ్రోజ్నీ చమురు ఎర్ర సైన్యానికి (బోల్షెవిక్కులకు) అందకుండా పోయింది. వాళ్ళు కిరోసిన్, ఈథర్, స్పిరిట్ లాంటివి కలిపి నడిపారు. దానికి కజాన్ మిశ్రమం అని పేరు పడింది. ఇంజన్లు గాల్లో ఆగేవి, కార్బురేటర్ జెట్లు (ఇంధనం వచ్చే సన్నని రంధ్రాలు) మూసుకుపోయేవి, ఆవిరి పీల్చి పైలట్లు జబ్బుపడేవాళ్ళు. బ్రిటిష్‌వాళ్ళు బోల్షెవిక్కుల ప్రత్యర్థులైన తెల్ల సైన్యాలకిచ్చిన సాప్‌విత్ క్యామెల్ లాంటి విమానాలు ఎర్ర సైన్యానికి చిక్కాయి. వాటిని కూడా ఇలాంటి ఇంధనంతోనే ఎగరేయాల్సి వచ్చింది.

క్యామెల్‌లో ఉండేది రోటరీ ఇంజన్. సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తోపాటే గిరగిరా తిరుగుతాయి. దానికి పోసే ఆయిల్ మనకు బాగా తెలిసిన ఆముదమే. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేసు గుండానే సిలిండర్లలోకి పోతుంది. మామూలు ఖనిజ నూనె ఆ పెట్రోల్లో కరిగి కొట్టుకుపోతుంది. ఆముదం పెట్రోల్లో సరిగా కరగదు కాబట్టి లోహం మీద పొర నిలుస్తుంది. ఇక్కడే కజాన్ మిశ్రమంలోని ప్రమాదం ఉంది: ఆముదం స్పిరిట్‌లో శుభ్రంగా కరుగుతుంది. స్పిరిట్ పాలు పెరిగేకొద్దీ ఇంజన్‌ను కాపాడాల్సిన పొర పలచబడుతుంది. ఎగిరే మోడళ్ళు నడిపేవాళ్ళకు ఈ సంగతి చేతి అనుభవమే. గ్లో ఇంజన్ ఇంధనంలో మెథనాల్, ఆముదం చక్కగా కలిసిపోయేది ఈ గుణం వల్లనే.

రెండో ఉదాహరణ మంచూరియా, అంటే ఈశాన్య చైనా. 1946 మార్చి 1న చైనా కమ్యూనిస్టులు తుంగ్‌హువాలో విమాన పాఠశాల తెరిచారు. విమానాలు జపాన్ సైన్యం వదిలేసినవి, ముఖ్యంగా కీ-55 శిక్షణ విమానాలు. పెట్రోలు అయిపోవస్తే ఆల్కహాలుతో ఎగిరారు. దాని లెక్క ఇలా ఉంటుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఎథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఇంజన్ పీల్చే అదే గాలికి ఎథనాల్ బరువులో దాదాపు 1.6 రెట్లు పోయాలి. కార్బురేటర్ జెట్ రంధ్రం వ్యాసం సుమారు నాలుగో వంతు పెరగాలి. పెంచకపోతే మిశ్రమం పలచనై ఇంజన్ దగ్గుతుంది, వేడెక్కుతుంది, ఆగుతుంది. పెంచితే ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది. అదే ట్యాంకుతో పోగలిగే దూరంలో మూడో వంతు దాకా కోత పడుతుంది.

ఇంకా మూడు చిక్కులున్నాయి. చలిలో ఆల్కహాలు ఆవిరి కాదు, మంచూరియా చలికాలంలో ఇంజన్ అంటుకోదు. కొంచెం పెట్రోలు దాచుకుని, దానితో స్టార్ట్ చేసి, వేడెక్కాక ఆల్కహాలుకు మార్చడం దీనికి దారి. ఆల్కహాలు గాల్లోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీటితో అల్యూమినియం భాగాలు తినేస్తాయి. లక్క పూసిన బెండు ఫ్లోట్ ఉన్న కార్బురేటర్‌లో ఆల్కహాలు పోస్తే లక్క కరిగి, బెండు తడిసి మునిగి, ఇంధనం పొంగుతుంది. రబ్బరు వాషర్లు కూడా ఉబ్బుతాయి.

విడిభాగాలు ఎక్కడి నుంచి వచ్చేవి?

విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్ళకు దీన్ని ఎక్కువ వివరించక్కర్లేదు. కదలని లారీ పార్టులతో కదిలే లారీ బతుకుతుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న మాట పట్టుబడిన విమానాలకు సరిగ్గా సరిపోతుంది. కూలిన దాని మాగ్నెటో, టైర్లు, గేజీలు, రేడియేటర్ ఏవీ పారేయరు. అందుకే 10 విమానాలు పట్టుకున్నారని చదివితే ఎగిరినవి మూడో నాలుగో అని అనుకోవడమే మంచిది. తుంగ్‌హువా బడి వాళ్ళు ఒకే ప్రొపెల్లర్‌ను విప్పి ఒక విమానం నుంచి ఇంకోదానికి మార్చుకున్నారు. టైర్లకు సైకిల్ పంపుతో గాలి కొట్టారు, విమానాలను గుర్రాలతో లాగించారు.

అదృష్టం ఒక్కోసారి డిజైన్‌లోనే ఉంటుంది. ఐ-16లోని ఎమ్-25 ఇంజన్ అమెరికా రైట్ సైక్లోన్‌కు లైసెన్సు తీసుకుని చేసినది. అందుకే స్పెయిన్ రిపబ్లిక్ కొన్ని ఐ-16లకు అసలైన సైక్లోన్లనే బిగించగలిగింది.

విమానాన్ని పట్టడం కన్నా ఫ్యాక్టరీని పట్టడం మేలు. రిపబ్లిక్ తన ఐ-15 ఫైటర్లను కాటలోనియాలోనే తయారుచేసుకుంది. 1939 జనవరిలో కాటలోనియా పడినప్పుడు ఆ కర్మాగారాలు, సగం పూర్తయిన విమానాలు, పనివాళ్ళ చేతి పనిముట్లతో సహా ఫ్రాంకో వైపు వచ్చాయి. ఐ-15లు, ఐ-16లు స్పెయిన్ దళంలో 1950ల మొదటి సంవత్సరాల దాకా నిలిచింది అందుకే.

మన దేశంలో దీనికి దగ్గర ఉదాహరణ కాన్పూర్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్ళు పనికిరాకుండా చేసి వదిలేసిన బీ-24 లిబరేటర్లలోంచి దాదాపు 40ని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు మళ్ళీ నిలబెట్టారు. అవి 1968 దాకా మన వైమానిక దళంలో ఉన్నాయి. అవి పట్టుబడినవి కావు, వదిలేసినవే. కానీ పని మాత్రం ఒకటే.

తూటాలు ఎవరివైనా ఒకటే కదా?

కాదు. ఐ-16లోని ష్కాస్ తుపాకీ నిమిషానికి 1,800 తూటాలు కాలుస్తుంది. దాని తూటా 7.62×54 ఆర్, పైకి రష్యన్ పదాతి రైఫిల్‌ది లాగే ఉంటుంది. పదాతి తూటాను అందులో పెడితే ఆ వేగపు ఊపుకు గుండు తూటా తొడుగులోంచి కదిలిపోతుంది, తుపాకీ పట్టేస్తుంది. ష్కాస్ కోసం చేసిన తూటాకు మెడ నొక్కు గట్టిగా ఉంటుంది, క్యాప్ (తూటా వెనక నిప్పు రాజేసే భాగం) బలంగా ఉంటుంది. ఫ్రాంకో వైపు జర్మన్ తుపాకులకు 7.92 మిల్లీమీటర్లు, ఇటాలియన్ బ్రెడాలకు 12.7, 7.7. ఏదీ ఇందులో పట్టదు. కాబట్టి విమానంతోపాటు తూటాల పెట్టెలు ఎన్ని దొరికాయన్నది చూడాలి. నాలుగు ష్కాస్‌లు కలిసి సెకనుకు 120 తూటాలు తాగుతాయి.

ప్రొపెల్లర్ రెక్కల మధ్యనుంచి కాల్చే తుపాకులకు ఇంకో ప్రమాదం ఉంది. తూటా క్యాప్ పాతబడి ఒక్క క్షణం ఆలస్యంగా పేలితే గుండు సొంత రెక్కనే చీలుస్తుంది. ఐ-15లో నాలుగు తుపాకులూ అలాంటివే.

పైలట్లు కొత్త విమానానికి ఎలా అలవాటు పడేవాళ్ళు?

తుంగ్‌హువాలో జపాన్ వాళ్ళే నేర్పారు. లొంగిపోయిన హయషి యాయిచిరో దళంలోని దాదాపు 300 మందిలో పైలట్లు, మెకానిక్కులు ఉన్నారు. నిన్నటి శత్రువు దగ్గర చదువుకోవడానికి విద్యార్థులను ఒప్పించడం కూడా బడి పనుల్లో ఒకటైంది. ప్రాథమిక శిక్షణ విమానాలు లేక కుర్రాళ్ళను నేరుగా కీ-55 మీదే ఎక్కించారు. అది పెద్ద సాహసం, అయినా ఫలించింది.

గురువు లేనప్పుడు ప్రమాదం అలవాట్లలో ఉంటుంది. ఆ కాలపు ఫ్రెంచి విమానాల్లో చాలావాటికి థ్రాటిల్ తిరగబెట్టి ఉండేది, వేగం కావాలంటే వెనక్కి లాగాలి. రన్‌వే చివర కంగారులో చెయ్యి పాత అలవాటునే పాటిస్తుంది. రష్యన్ జెట్లలో బ్రేకు కంట్రోల్ కర్ర మీద మీటగా ఉంటుంది, అమెరికన్ విమానాల్లో పాదాల కింద ఉంటుంది. అన్నిటికంటే భయంకరమైనది కృత్రిమ క్షితిజం, అంటే విమానం ఎటు ఎంత వాలిందో చూపే పరికరం. పాశ్చాత్య పరికరంలో క్షితిజం గీత వంగుతుంది, సోవియట్ పరికరంలో విమానం బొమ్మ వంగుతుంది. మబ్బులో ఒకదాని అలవాటుతో ఇంకోదాన్ని చదివితే సరిదిద్దబోయి ఇంకా వాల్చేస్తారు. అడుగులకు బదులు మీటర్లు, మైళ్ళకు బదులు కిలోమీటర్లు అన్నవి గేజీ పక్కన రంగు గీతలతో సర్దుకోవచ్చు. ఇది మాత్రం గంటల కొద్దీ ఎగిరితేనే సర్దుకుంటుంది.

ఐ-16 చక్రాలు ఎత్తడానికి పిడిని చేత్తో 44 చుట్లు తిప్పాలి. కుడి చెయ్యి పిడి మీద ఉంటుంది కాబట్టి ఎడమ చేత్తో కర్ర పట్టాలి. కొత్త పైలట్ ఎక్కిన ఐ-16 పైకిలేస్తూ అలల్లా ఊగడానికి కారణం అదే.

సొంతవాళ్ళే కాల్చేయరా?

కాలుస్తారు. పట్టుబడిన విమానానికి శత్రువుకన్నా సొంత సైన్యం వల్లనే ఎక్కువ భయం. 2011 మార్చి 19న లిబియాలోని బెంగాజీ మీద తిరుగుబాటుదారుల మిగ్-23ను వాళ్ళ సొంత గన్నర్లే కూల్చారు, పైలట్ చనిపోయాడు. కింద ఉన్నవాడికి మిగ్ అంటే గద్దాఫీదే. ఆకారం అలా మనసులో నాటుకుపోయాక రంగు ఎంతో పెద్దదైతే తప్ప కనబడదు.

స్పెయిన్‌లో రెండు వైపులా ఒకే రకాలు ఎగిరినప్పుడు గుర్తులు పెద్దవి చేశారు. రిపబ్లిక్ ఒంటి చుట్టూ, రెక్కల కొసల్లో వెడల్పు ఎర్ర పట్టీలు వేసి, చుక్కాని మీద ఎరుపు, పసుపు, ఊదా ఉంచుకుంది. ఫ్రాంకో వైపు చుక్కానిని తెల్లగా చేసి నల్ల ఇంటూ గుర్తు, ఒంటి మీద నల్ల చక్రం వేసింది. రంగుతో పాటు సమయం, దారి కూడా నిర్ణయించాలి: ఫలానా గంటకు ఫలానా వాగు మీదుగా, ఫలానా ఎత్తులో, చక్రాలు దించి వస్తుందని ప్రతి తుపాకీ దగ్గరికీ ముందే మాట చేరాలి. మాట చేరని ఒక్క బ్యాటరీ చాలు.

1949 పరేడ్‌లో చైనా 26 విమానాలు ఎగరేసిందంటారు, నిజమేనా?

ఎగిరినవి 17. కమ్యూనిస్టు చైనా ఏర్పాటును ప్రకటించిన అక్టోబరు 1న బీజింగ్ మీద తొమ్మిది పీ-51 ఫైటర్లు, రెండు మస్కిటోలు, మూడు సీ-46లు, ఒక ఎల్-5, రెండు పీటీ-19లు ఎగిరాయి. ముందున్న తొమ్మిది పీ-51లు వేగమైనవి కాబట్టి చుట్టు తిరిగి వచ్చి వరుస చివర మళ్ళీ కలిశాయి. కింద నుంచి చూసినవాళ్ళకు 26 అయ్యాయి. పరేడ్ సమయంలోనే శత్రువు దాడి చేయవచ్చని నాలుగు విమానాల్లో నిజమైన తూటాలు నింపి పంపారు.

పట్టుబడిన విమానాల వల్ల యుద్ధం మలుపు తిరిగిందా?

సంఖ్య వల్ల తిరగలేదు, వాటి అసలు విలువ వాటిని పరీక్షించి నేర్చుకున్నదాంట్లో ఉందని మా అభిప్రాయం. 1937 నవంబరు 11న రిపబ్లిక్‌కు ఒక మెసర్‌ష్మిట్ 109 దాదాపు పదిలంగా దొరికింది. ముందు ఫ్రెంచి నిపుణులు దాన్ని పరీక్షించారు, తర్వాత ఒక హైంకెల్ 111తోపాటు సోవియట్ యూనియన్‌కు పోయింది. ఆ ఒక్క విమానం రిపబ్లిక్ గుర్తులతో పోరాడి ఉంటే వారం నిలిచేది కాదు. ఒక జెర్మన్ ఫైటర్ ఎంత ఎత్తులో బలంగా ఉంటుందో, ఎక్కడ తేలిపోతుందో కొలిచి చూడడానికి అదే ఆధారమైంది.

శత్రువుకు గాల్లో ఏమీ లేనప్పుడు మాత్రం ఒక్కటి కూడా పెద్దదే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, శిక్షణ విమానం కూడా బాంబర్ అవుతుంది.

శ్రీలంకలో ఎల్‌టీటీఈ వాడినవి పట్టుబడిన విమానాలేనా?

కావు. అవి చెక్ దేశపు జ్లిన్-143 చిన్న విమానాలు, విడిభాగాలుగా దొంగతనంగా తెప్పించి కట్టుకున్నవి. 2007 మార్చి 26న కటునాయకే మీద మొదటి దాడి చేశాయి.

2021లో తాలిబాన్‌కు చిక్కిన అమెరికా విమానాల సంగతేంటి?

ఇది పాత కథకు కొత్త రూపం. కాబూల్ విమానాశ్రయంలో 73 విమానాలను పనికిరాకుండా చేసి అమెరికన్లు వెళ్ళారు. అఫ్గాన్ పైలట్లు 46 విమానాలు, హెలికాప్టర్లు ఉజ్బెకిస్తాన్‌కు తీసుకెళ్ళిపోయారు. మిగిలిన వాటిలో రష్యన్ ఎమ్ఐ-17లు తాలిబాన్‌కు ఎక్కువ ఉపయోగపడతాయి. అఫ్గాన్ మెకానిక్కులు వాటి మీద దశాబ్దాలుగా చెయ్యి తిరిగినవాళ్ళు. అమెరికన్ బ్లాక్ హాక్ హెలికాప్టర్ల మరమ్మతు చాలావరకు విదేశీ కాంట్రాక్టర్లే చూసేవాళ్ళు, వాళ్ళతోపాటే ఆ పనితనం వెళ్ళిపోయింది. 2022 సెప్టెంబరు 10న కాబూల్‌లో శిక్షణలో ఒక బ్లాక్ హాక్ కూలి ముగ్గురు చనిపోయారు.

శత్రువు గుర్తులతోనే ఎగరేయొచ్చా?

జెనీవా ఒప్పందాలకు చేర్చిన 1977 అదనపు ప్రోటోకాల్ 1లోని 39వ అధికరణం ప్రకారం దాడి చేసేటప్పుడు ఎదుటివాళ్ళ గుర్తులు, జెండాలు, యూనిఫారాలు వాడడం నిషేధం. ఆ ప్రోటోకాల్ దేశాల మధ్య యుద్ధాలకు వర్తిస్తుంది. అంతర్యుద్ధాలకూ ఇదే నియమం ఉండాలన్న వాదన బలంగా ఉంది.

ఫ్రాంకో గుర్తులతో ఐ-16 మోడల్ కట్టాలని ఉంది. ఎలా?

ఐసీఎం కంపెనీ కిట్లు 1/72, 1/48 స్కేళ్ళు రెండింటిలో ఉన్నాయి, ఎడ్యుఆర్డ్ కంపెనీ 1/48లో చేసింది. అసలు రెక్కల వెడల్పు 9 మీటర్లు కాబట్టి 1/72లో 125 మిల్లీమీటర్లు, 1/48లో 187 దాకా వస్తుంది. కొనేముందు టైపు చూసుకోండి. స్పెయిన్‌కు వచ్చినవి 5, 6, 10. రెక్కల్లో రెండు తుపాకులు, ముందుకు జారే మూత ఉంటే టైపు 5. తెరిచిన కాక్‌పిట్, ముక్కు మీద కూడా తుపాకులు ఉంటే టైపు 10. టైపు 24 కిట్ స్పెయిన్‌కు పనికిరాదు.

పట్టుబడిన విమానం అందం దాని అతుకుల్లో ఉంది. అందుకే నేరుగా ఫ్రాంకో గుర్తులు అంటించవద్దు. ముందు సోవియట్ రంగులు వేయండి: పైన ఆకుపచ్చ, కింద లేత నీలం. దాని మీద రిపబ్లిక్ ఎర్ర పట్టీలు నిజంగానే వేయండి. ఎండాక ఆ పట్టీలను కొంచెం వేరే ఆకుపచ్చతో బ్రష్‌తో కప్పండి. పాత రంగులో చిటికెడు పసుపు కలిపితే చాలు. అంచులు గీత గీసినట్టు ఉండకూడదు. ఒకటి రెండు చోట్ల ఎరుపు లీలగా తొంగిచూస్తే ఇంకా బాగుంటుంది. చుక్కానికి తెలుపు పలచగా మూడు నాలుగు కోట్లు వేయాలి, ఒకేసారి మందంగా పోస్తే గీతలన్నీ పూడుకుపోతాయి. నల్ల చక్రానికి పూర్తి నలుపు వాడకండి, 9 పాళ్ళ నలుపుకు 1 పాలు తెలుపు కలపండి.

మన ఎండలో, తేమలో ఎయిర్‌బ్రష్ రంగు చెడిపోతోంది. ఎందుకు?

మేలో బెజవాడ ఎండకు రంగు నాజిల్ నుంచి మోడల్ చేరేలోపే గాల్లో ఎండిపోతుంది. ఉపరితలం గరుకు కాగితంలా తయారవుతుంది. ఉదయం 7 లోపు పని ముగించండి. అక్రిలిక్ రంగు, థిన్నర్ 1:1 కలిపి, అందులో 5 నుంచి 10 శాతం రిటార్డర్ వేయండి. 0.3 నాజిల్‌తో 15 నుంచి 18 పీఎస్ఐ ప్రెజర్ చాలు. మోడల్‌కు దగ్గరగా, 6 నుంచి 8 సెంటీమీటర్లలో పట్టుకోండి.

జూలై నుంచి అక్టోబరు దాకా చిక్కు తేమతో. లాకర్ రంగు తెల్లగా పాలు విరిగినట్టు అవుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాల్లోని నీరు దాని మీద చేరుతుంది. కంప్రెసర్‌కు మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి. ఏసీ గదిలో వేయండి, లేదా వాన వెలిసిన రెండో రోజు దాకా ఆగండి. తెల్లబడిపోతే ఆ మీదే పలచగా రిటార్డర్ థిన్నర్ ఒక్క పొర చల్లితే చాలావరకు తేరుకుంటుంది.

ఎండాకాలంలో మాస్కింగ్ టేపును రాత్రంతా వదలకండి. జిగురు కరిగి రంగుకు అంటుకుంటుంది.

డెకాళ్ళ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల) చుట్టూ తెల్ల మరకలు వస్తున్నాయి.

బోరు నీళ్ళ వల్ల. ఉప్పు ఎండి తెల్లగా కనబడుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. లీటరు సీసా ఎన్నో మోడళ్ళకు సరిపోతుంది. డెకాల్ కింద నున్నగా మెరిసే గ్లోసీ కోటు లేకపోయినా గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. ఇది వేరే లోపం, నీళ్ళు మార్చినంతలో పోదు. సెట్టింగ్ ద్రవం వేసి, సూదితో చిన్న చిల్లు పొడిచి, మళ్ళీ ద్రవం పట్టించాలి.

పూర్తయిన మోడల్‌ను కారులో తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు, కారులో వదిలేయకండి. బెంజి సర్కిల్ దగ్గర ఎండలో గంటసేపు ఆపిన కారులో డాష్‌బోర్డు మీద పెట్టిన రెక్కలు కిందికి వాలిపోతాయి. థర్మోకోల్ పెట్టెలో, మోడల్ పొట్టను స్పాంజి మీద ఆనించి, సీటు కింద నీడలో పెట్టండి. రెక్కలు ఏ గోడకూ తగలకూడదు.